కాదు పెట్టె

పదవిలో ఉన్న ప్రతివాడి ఇంట్లోనూ కాదు పెట్టె ఉండాలని చట్టం వచ్చాక, తెనాలిలో వాటిని అమ్మేది నేనే. యజమాని తప్పు చేయబోతే పెట్టె "కాదు" అని, ఎందుకో కూడా చెబుతుంది. కొన్నవాళ్లందరూ నెల తిరక్కుండా వచ్చి దాని గొంతు తగ్గించమనేవారు. అమ్మకం కంటే ఆ మరమ్మతులోనే లాభం.

ఈమధ్య నన్ను వర్తక సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. మా ఇంటికీ పెట్టె వచ్చింది. మన సరుకు సంగతి మనకు తెలుసు కనుక, మెకానిక్ యేసోబు చేత ఆరోజే దాని గొంతు పూర్తిగా ఆపించాను.

కొట్టు ముందున్న మంగతాయారు ఇడ్లీ బండి నా హోదాకు తక్కువగా కనిపించింది. తీసేయమన్నాను. ఆవిడ మా ఇంటికొచ్చింది.

"ఇన్నేళ్లూ నీ పంచనే బతికాను అన్నయ్యా. ఇప్పుడెక్కడికి పోను?"

"సంఘం నిర్ణయం తల్లీ."

"కాదు," అని లోపల్నుంచి వినిపించింది. "సంఘాన్ని అడగనే లేదు. పైగా ఇడ్లీకొచ్చిన జనమే మన కొట్టుకీ వస్తున్నారు."

యేసోబును పిలిపించాను. "ఆపిన పెట్టె మళ్లీ మాట్లాడుతోందేంట్రా?"

అతను విప్పి చూశాడు. "ఇది మూగగానే ఉంది బాబాయ్. వంటింట్లోంచి పిన్ని అన్నట్టున్నారు."

"అయితే ఆ తలుపెయ్యి," అన్నాను.

సాయంత్రానికి బండి లేదు. కొట్టు ముందు ఎంతో ప్రశాంతంగా ఉంది.