ఇంకో ‘పదవే’

“ఆగండాగండి పిన్నిగారూ! ‘పదవే’ అని ఒక్కసారే అనాలి. పాటలో ఇన్నిసార్లు లేదండి.”

సంపూర్ణమ్మ గొంతులో పాట అలాగే నిలబడిపోయింది. ఎదురుగా చాప మీద మనవరాలు వెంకటదుర్గ కొత్త పట్టుచీరలో తల వంచుకుని కూర్చుంది. అప్పగింతలయ్యాయి. వీధిలో పూలు కట్టిన అంబాసిడర్ సిద్ధంగా ఉంది. ఇక సాగనంపే పాటొక్కటే మిగిలింది.

ఆపినావిడ పెళ్ళికొడుకు పెత్తల్లి సీతారత్నం. ధవళేశ్వరంలో పిల్లలకి సంగీతం చెబుతుంది.

“లేకపోవడమేంటండీ?” అంది సంపూర్ణమ్మ. “మా అత్తగారు పాడింది. ఆవిడ తర్వాత ఈ ఊరి ఆడపిల్లలందర్నీ ఈ నోటితోనే సాగనంపాను. ఒక ‘పదవే’ పొయ్యికి, ఒకటి నూతికి, ఒకటి కన్నతల్లికి, ఒకటి పెరటికి. పిల్ల ఒక్కోదాన్నీ కళ్ళారా చూసుకుని సెలవు పుచ్చుకోవాలి. ఆఖరి ‘పదవే’కి లేవాలి.”

“ఇది ‘గాలిపల్లకి’ సినిమాలో పాటండీ. రాజకుమారి పల్లకీ ఎక్కి మబ్బుల్లోకి వెళ్ళిపోయేటప్పుడు వస్తుంది. మొన్న దసరాకి టీవీలో కూడా వేశారు. పొయ్యీ లేదు, నుయ్యీ లేదు.”

“సినిమా అని మాకు తెలీదేంటండీ? ఈ ఊళ్ళో పెళ్ళికూతురెక్కేది కారైనా ట్రాక్టరైనా పల్లకీ అనే అంటాం. మబ్బుల్లో నుయ్యి ఎక్కడుంటుంది? వాళ్ళకి తక్కువైంది మావాళ్ళు కలుపుకున్నారు.”

ఆడపెళ్ళివారు కిసుక్కున నవ్వారు. సీతారత్నం మొహం ఎర్రబడింది.

“కలుపుకోవడానికి అదేమన్నా పులుసా అండీ? తప్పు పాటతో మా కోడల్ని గడప దాటించలేం.”

సంపూర్ణమ్మ కొడుకు బుల్లిరాజు తల్లి చెవి దగ్గరికి వంగాడు. “అమ్మా, ఊరుకోవే. మగపెళ్ళివారు.”

సంపూర్ణమ్మ ఊరుకుంది. ఊళ్ళో అందరి పిల్లలకీ పాడింది. తన ఇంటి పిల్ల దగ్గరికొచ్చేసరికి నోరు కట్టేశారు.

సీతారత్నం హ్యాండ్‌బ్యాగులోంచి పాత పాటల క్యాసెట్ తీసి మైకుసెట్టు అచ్చిబాబుకిచ్చింది. అతని తండ్రి హయాం నుంచీ ఆ ఊరి పెళ్ళిళ్ళకి మైకు వాళ్ళదే. అచ్చిబాబు సంపూర్ణమ్మ వంక చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. అతను మీట నొక్కాడు.

కొబ్బరిచెట్టుకి కట్టిన మైకులోంచి వీణ మోగింది. ‘మబ్బుల వాకిట పల్లకి ఆగెను... పదవే’ అంది గాయని. ఒక్కసారే అంది. వెంటనే వేణువు అందుకుంది. చరణాలు వచ్చాయి, పోయాయి. పాట అయిపోయింది.

పెళ్ళికూతురు లేవలేదు.

“లే అమ్మా,” అంది సీతారత్నం.

“పొయ్యికే అయిందండి. నూతికి చెప్పలేదింకా.”

“అవన్నీ మనసులో చెప్పేసుకో తల్లీ.”

వెంకటదుర్గ తలెత్తింది. “పదవే అని ఎవరూ అనకుండా ఎలాగండీ? నా అంతట నేనే అమ్మని వదిలేసి లేచెళ్ళిపోయినట్టు ఉండదా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. పురోహితుడు వాచీ చూసుకున్నాడు. “వర్జ్యం వచ్చేస్తోందండి. ఆ తర్వాత పిల్ల కదలకూడదు.”

అందరూ సంపూర్ణమ్మ వైపు తిరిగారు.

“నాకొచ్చింది తప్పు పాట కదండీ,” అందావిడ, కొంగు భుజం మీదికి లాక్కుంటూ. “తప్పు పాట పాడి తప్పు చెయ్యమంటారా?”

సీతారత్నం పురోహితుడి వంకా కారు వంకా చూసింది. “అచ్చిబాబుగారూ, కాస్త వెనక్కి తిప్పండి.”

టేపు కీచుమంది. ‘పదవే’ అంది మైకు. పెళ్ళికూతురు నూతి వైపు చూసి దణ్ణం పెట్టుకుంది.

“మళ్ళీ తిప్పండి.”

‘పదవే.’ తల్లి కూతుర్ని కావలించుకుని ఘొల్లుమంది. ఆ ఏడుపులో మైకు ఏమందో ఎవరికీ వినపడలేదు.

“ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యండి,” అంది సీతారత్నం. అచ్చిబాబు చెయ్యి నిదానమనిపించిందేమో, అతన్ని పక్కకి జరిపి తనే మీట దగ్గర నిలబడింది. తిప్పడం, నొక్కడం, తిప్పడం, నొక్కడం. “అమ్మకైపోయింది. ఇప్పుడు పెరటికి! పెరడు చూసుకో తల్లీ, ఇదే ఆఖర్ది!”

ఆ ఆఖరి ‘పదవే’కి సంపూర్ణమ్మ పెదాలు వాటంతటవే కదిలాయి. మైకులో గాయని ఆగిపోయినా ఆవిడ రాగం గుమ్మం దాకా సాగింది. వెంకటదుర్గ ఆ రాగం పట్టుకునే గడప దాటి కారెక్కింది.

కారు కాలవగట్టు మలుపు తిరిగింది. మగపెళ్ళివారి బస్సు హారన్ కొడుతోంది. సీతారత్నం క్యాసెట్ కోసం వెనక్కొచ్చి, సంపూర్ణమ్మ చేతులు పట్టుకుంది.

“ఒప్పుకున్నానండి పిన్నిగారూ. నాకూ కళ్ళనీళ్ళొచ్చాయి. ఒక్క ‘పదవే’ సరిపోదని మీ అత్తగారికి ఎలా తోచిందండీ?”

“అలాంటివి మనకి తోచేవి కాదు టీచరుగారూ,” అంది సంపూర్ణమ్మ, చెయ్యి ఆకాశం వైపు చూపిస్తూ. “పైనుంచి పలకాలి.”

అచ్చిబాబు వైరు చుట్టుకుంటూ తలూపాడు.

“పైనుంచే పలికిందండి మామ్మగారూ, ఇదే కొబ్బరిచెట్టు మీంచి. మా నాన్న దగ్గరున్న ‘గాలిపల్లకి’ గ్రామఫోన్ ప్లేటుకి గీత పడి, ఎప్పుడేసినా ముల్లు సరిగ్గా ‘పదవే’ దగ్గరే ఇరుక్కుపోయేది.”