అందరూ తాత వెనకే!

తాత డప్పు కొడితేనే ప్రణాలికి బృందంలో చోటు. లేకపోతే లేదు.

అది పిల్లల బ్యాండు నడిపే అతుల్ సార్ పెట్టిన షరతు. కూర్చుని వినేవాళ్లంటే ఆయనకు గిట్టదు. ఆయన కచేరీలో పిల్లాజెల్లా, ముసలీముతకా అందరూ లేచి గెంతాలి. ఇంట్లో ఏ వాయిద్యం ఉంటే అది పట్టుకురావాలి. ఊళ్లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ సొసైటీలన్నీ గెంతడం అయిపోయింది. ఈ ఆదివారం కామాఠిపురాలో ఒంటిగది కాపురాల చాల్ వంతు వచ్చింది.

"తాతా, ప్లీజ్ నా! మేరీ ఇజ్జత్ కా సవాల్ హై," అంది పదేళ్ల ప్రణాలి.

"వద్దు బిడ్డా. పిల్లలున్న కాడ అది కొట్టొద్దు," అన్నాడు బాలనర్సయ్య.

తప్పు ఆయనదే. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని కోతలు కోయడమెందుకు? "నేను ముంగట నడిస్తే ఫోరస్ రోడ్డు పొడుగునా జనం నా ఎనకనే! టాక్సీలు ఆగిపోయేటియి. పూలు చల్లేటోళ్లు. నా దరువు ఇని ఏడ్వనోడు లేడు!"

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ప్రణాలి అదంతా బడిలో టాంటాం వేసింది. ఇప్పుడు కాదంటే పిల్ల తలెత్తుకోలేదు. దాని ముందు చిన్నబోవడం ఆయన వల్లా కాదు.

ఆయన భార్య గంగవ్వ ఆ డప్పును ఏనాడూ గడప దాటనివ్వలేదు. పదడుగుల గది సంగతి తెలిసిందేగా. వరండా మేకుకు వేలాడుతున్న దాన్ని దించి, నాలుగు కాగితాలు మంటేసి కాచాడు బాలనర్సయ్య. ఏదైనా సరదా దరువు అందుకుందామని చూశాడు. చేతులు వినలేదు. యాభై ఏళ్లుగా అలవాటైన దరువే పట్టాయి.

పిల్లలకు పూనకం వచ్చింది. కార్లలో దిగిన తల్లులు చెప్పులు వదిలేసి చిందులేశారు.

"అందరూ తాత వెనకే!" అని మైకులో అరిచాడు అతుల్.

ఊరేగింపు చాల్ దాటి గల్లీలోకి వచ్చింది. ఒక బుడతడు పాప్‌కార్న్ పిడికెడు తీసి గాల్లోకి చల్లాడు. చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు.

మూడో అంతస్తు నుంచి లక్ష్మవ్వ నెత్తిన చెంగేసుకుని ఒక్క ఉరుకున దిగింది.

"ఎవరే గంగవ్వా?"

"ఎవ్వరు లేరు. ఊకో. పిల్లల ఆట," అంది గంగవ్వ, మొగుడి వైపు కొరకొరా చూస్తూ.

కిరాణా కొట్టు రాజలింగం షట్టర్ సగం దించి, బయటికొచ్చి, రెండు చేతులూ జోడించాడు. అతుల్‌కు కళ్లు చెమర్చాయి.

"చూశారా? ఈ బస్తీలో కళకు ఎంత గౌరవమో!" అన్నాడు.

చాల్ తెలుగువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లకు చోటు దొరుకుతుంటే మనకెందుకు?

చోటు దొరికింది. ప్రణాలి ఎగిరి తాత మెడకు చుట్టుకుంది. వచ్చే ఆదివారం దాదర్‌లో ఐదు వందల కుటుంబాలు ఇదే దరువుకు గెంతాలని అతుల్ అక్కడికక్కడే ప్రకటించాడు.

ఒక తల్లి పరుగున వచ్చి బాలనర్సయ్య చేయి పట్టుకుంది.

"తాతా, శుక్రవారం మా బాబు పుట్టినరోజు. మీరు తప్పకుండా రావాలి. వాడు ముందు గెంతుతుంటే వెనక మీరు వాయించాలి!"

బాలనర్సయ్య డప్పును వీపు వెనక్కి నెట్టాడు. యాభై ఏళ్లలో ఆయన డప్పు ఎవరి కోసం మోగిందో వాళ్లలో ఒక్కరూ లేచి గెంతింది లేదు, అందరూ నలుగురి భుజాల మీద, పాడె మీద పడుకునే వచ్చారు.