కొబ్బరి చిప్ప

“మామా, కాపీ ఆగలేదు! సగంల ఆగే రోగం పోయింది!” గంగారాం కంప్యూటర్ ముందు నుంచి అరిచాడు.

“ఏమైండె దానికి?” అన్నాడు ఆశన్న.

“ఒక ఫైలు అయిపోయినా, తర్వాతి దానికి పోకుండ ఇంకా తెమ్మని అడుగుతనే కూసుంటుండె. కాపీ ప్రోగ్రాం వాడుకునే కోడు లైబ్రరీలనే ఉండె తప్పు. ఇంక లేదంటే అడుగుడు బంద్ చెయ్యమని రాసిన.”

ఫాక్‌లాండ్ రోడ్డులోని ఆ ఆఫీసుకు ఒక్కటే కంప్యూటర్. కాపీ ఆగినప్పుడల్లా మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టడమే ఆశన్న కొలువు. పరంజా మీంచి పడి కాలు విరిగిన మేనమామకు దాన్ని ఇప్పించింది గంగారామే.

కట్టుబడి పనిలో స్లాబు వేయడం పూర్తయితే కాయ కొట్టడం ఆశన్నకు అలవాటు. కుంటుకుంటూ వెళ్ళి కొబ్బరికాయ తెచ్చి గడప మీద కొట్టాడు. ఒక చిప్ప ఆఫీసు యజమాని శేఠు చేతిలో పెట్టాడు.

శేఠు కొబ్బరి నములుతూ గంగారాంను పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు. “ఇక ఆగదు కదా. రేపటి నుంచి ముసలాణ్ణి రావద్దను. మీవాడే, నువ్వే చెప్పు.”

మెషిన్ బాగైందన్న సంబరంలో గంగారాంకు మామ కొలువు పోతుందన్న సంగతే అప్పటిదాకా తోచలేదు.

గడప దగ్గర పెంకులు ఏరుతున్న ఆశన్న తలెత్తాడు. “శేఠు ఏమంటుండు అల్లుడా?”

“కాయ... తియ్యగుందంటుండు మామా.”

“అట్లనా! అయితే నీకని దాచిన ఈ చిప్ప గూడ ఆయనకే ఇయ్యి.”