బోలెడున్నాయన్న పిచ్చుక

వినండి తల్లులారా! నారు పోసిన స్వామి నీరు పోస్తాడు, కానీ నోరు తెరిచి అడగడం మన వంతు.

గిజిగాడు గురువుగారి గూళ్ల బడిలో చోటు దొరకడం మహా కష్టం. చేరబోతున్న పేద పిచ్చుకతో కాకిమామ రహస్యంగా అన్నాడు: "తిండి కూడా పెట్టమన్నావో, నిన్ను తీసుకోరే పిల్లా!"

అందుకే గురువు "గింజలు కావాలా అమ్మా?" అని అడిగితే, పిచ్చుక "మాకు బోలెడున్నాయండీ" అంది. చోటు దొరికింది.

గూడు సగం అల్లేసరికి ఆకలికి కళ్లు తిరిగాయి. అప్పుడు నిజం చెప్పింది.

"అయ్యో, ఉన్న గింజలన్నీ అడిగినవాళ్లకి పంచేశానే! అప్పుడే చెప్పుంటే నీకూ ఉంచేవాణ్ణి కదమ్మా!" అన్నాడు గురువు.

పిచ్చుక సగం గూటికి దండం పెట్టి, ఇంటికి ఎగిరిపోయింది.

ఆ గూడు చూసినప్పుడల్లా గురువు అనుకుంటాడట: "స్వామీ, ఆ పిచ్చుక బక్కచిక్కిన రెక్కలు కళ్లారా చూసి కూడా, మాటే నమ్మానే!"