ఆరో డిస్కు

“ఆరోదాన్ని ఆఖరున పంపుదాం. అది నేనే దగ్గరుండి చూసుకోవాలి,” అంది పెద్దక్క.

ఆ ఫ్యాక్టరీ కంప్యూటరు గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆపరేటరు ఆవిడ. మేనేజరు మొదలుకుని వాచ్‌మన్ దాకా అందరికీ పెద్దక్కే. పక్కన కూర్చున్న ఇంజనీరు, పాత మిషన్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి చేర్చే పని మీద బయటినుంచి వచ్చాడు. ఇల్లు మార్పించేవాళ్ళలా ప్రతిదీ రెండుసార్లు లెక్కపెడుతున్నాడని వచ్చిన రోజే ఆయనకు ప్యాకర్స్ అని పేరు పెట్టేశారు. పాపం, ఆయనా పలికేవాడు.

బీరువాలంత మిషన్లు రెండు. పాతది రొప్పుతోంది, కొత్తది కిక్కురుమనడం లేదు. పాతదాని కడుపులో ఏడు డిస్కులున్నాయి. చేత్తో పట్టుకునేవి కావు, మిషన్ తనంతట తను డిస్కులనుకుని చదువుకునే పెద్ద పెద్ద ఫైళ్ళు. వాటిని ముందు టేపు మీదికి ఎక్కించాలి, తర్వాత కొత్తదాంట్లోకి పంపాలి, సరిచూసుకున్నాక పాతదాన్ని తుడిచెయ్యాలి.

“ఒక్కటే భయం అక్కా,” అన్నాడు ప్యాకర్స్. “కొత్తదాంట్లో ఇవే పేర్లతో ఏడు ఖాళీ డిస్కులు చేసి పెట్టాను. ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్నది తిరగబడిందా, ఖాళీది వచ్చి నిండుదాని మీద కూర్చుంటుంది. తలకిందులుగా తపస్సు చేసినా పోయింది తిరిగి రాదు.”

“నాకా చెప్తున్నావు?”

“నాకు నేనే చెప్పుకుంటున్నానులే. ఇంతకీ ఆరోదాంట్లో ఏముంది?”

“మా తమ్ముడు.”

ప్యాకర్స్ కుర్చీ ఆవిడవైపు తిప్పాడు.

ఏడు నెలల కిందట బాయిలర్ పేలి నలుగురు పోయారు. పెద్దక్క తమ్ముడు అందులో ఒకడు. పేలేముందు అలారం మోగింది, ఎవరో ఆపేశారు. అక్కడ షిఫ్టుకు ఐదారుసార్లు అలారం ఊరికే మోగుతుంది. బాయిలర్ దగ్గరో, ఈ కంప్యూటరు గదిలోనో ఉన్నవాళ్ళు ఈగను తోలినట్టు మీట నొక్కేసి పనిలో పడతారు. నొక్కినవాళ్ళ నంబరు మాత్రం ఆరో డిస్కులో పడుతుంది. ఆ షిఫ్టులో ఉన్నవాళ్ళంతా “నేను కాదు” అన్నారు. చివరికి నెపం నోరులేని తమ్ముడి మీద పడింది. వాడి పిల్లల్ని బళ్ళో తోటిపిల్లలు వేలెత్తి చూపిస్తున్నారు.

విచారణ అధికారి ఆ డిస్కుకు తాళం వేయించాడు. అది తెరవకుండా మేనేజరు ఇన్నాళ్ళూ ఏవో కాగితాలు అడ్డం పెట్టుకొచ్చాడు. నిన్నటితో అవన్నీ చెల్లిపోయాయి. తరలించడానికని పొద్దున తాళం తీశారు. అధికారి నాలుగింటికి వస్తాడు.

తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. “పాతదాన్ని ఇంకా తుడవలేదా?”

“నేను చూడంది ఏదీ తుడవనివ్వను సార్.”

ఆయన ఆవిడవైపు ఒకసారి, గడియారంవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ప్యాకర్స్‌కి ఆ చూపు నచ్చలేదు.

“ఆరోది ఇంకెక్కడైనా ఉందా?” అడిగింది పెద్దక్క.

“పాతదాంట్లో, టేపు మీద. అంతే. ఇవాళ కొత్తదాంట్లోకి వెళ్తుంది.”

“బాగా గుర్తు తెచ్చుకో. నీ ల్యాప్‌టాప్‌లో?”

“ఒట్టు. ఎక్కడా లేదు.”

“అయితే టేపు నా అలమరాలో పెట్టు.”

“దాని రెండో తాళంచెవి మేనేజరు దగ్గరుందటగా?”

“అదే నా బెంగ,” అంది.

ఐదు డిస్కులు దాటేసరికి రెండయింది. “నువ్వున్నావుగా, నాలుగు మెతుకులు తినొస్తానక్కా,” అని ప్యాకర్స్ కదిలాడు. పెద్దక్క ఒక్కతే కూర్చుని, మిగిలిన రెండూ పంపి, ఏడింటినీ మళ్ళీ మొదట్నుంచి సరిచూసింది. ప్యాకర్స్ తిరిగి రాకముందే, మూడున్నరకి గేటు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మరదలు వచ్చిందట. కిందికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి, ఆవిడ కుర్చీలో మేనేజరు ఉన్నాడు.

“ఇక్కడ చల్లగా ఉందని కూర్చున్నా,” అంటూ లేచాడు.

నాలుగింటికి అధికారి వచ్చాడు. ప్యాకర్స్ కొత్త మిషన్‌లో ఆరో డిస్కు తెరిచాడు.

ఖాళీ.

పాతదాంట్లో చూశాడు. ఖాళీ. అలమరాలోంచి టేపు తెచ్చి పెట్టాడు. ఆరోది తప్ప అన్నీ ఉన్నాయి.

“ఎవరో తిరగేసి నొక్కారు. టేపు కూడా మళ్ళీ రాశారు!” అని తల పట్టుకున్నాడు.

అందరి కళ్ళూ మేనేజరు మీదే. “నేను ముట్టుకోలేదు! నా పిల్లల మీద ఒట్టు!” అని ఆయన మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? అధికారి అప్పటికే ఆయన పేరు రాసుకుంటున్నాడు.

మరదలు నేల మీద కూలబడింది. “ఆయన్ని రెండోసారి చంపేశారు వదినా.”

పెద్దక్క ఆమెను గుండెలకు హత్తుకుంది. ఆవిడ కూడా వెక్కి వెక్కి ఏడ్చింది. చూస్తున్న ప్యాకర్స్‌కి కూడా కన్నీళ్ళాగలేదు.

“పిల్లలకేం చెప్పను వదినా?”

“మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదని చెప్పు.”

“సాక్ష్యమేది?”

“నాకు తెలుసమ్మా,” అంది పెద్దక్క, మరదలి జుట్టు సవరిస్తూ.

ఆ రోజు అలారం మీట నొక్కింది తనే.