మూడు గాజు పలకలు

“ఈ సముద్రం పటంలోదా మేడం, గోడలోదా?”

గోడకు వేలాడుతున్న ప్రపంచపటాన్ని ఆర్కిటెక్టు ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. దాని వెనక తలుపంత చెమ్మ మరక. నిన్న సాయంత్రం స్టూలెక్కి మరీ ఆ పటాన్ని అక్కడికి మార్చిన పెద్ద టీచరు, మరకను అప్పుడే చూస్తున్నట్టు కళ్ళు పెద్దవి చేసింది.

“అయ్యో, ఇదెప్పుడొచ్చిందండీ!”

“పోయినసారే చూశాను. అప్పుడిక్కడ పటం లేదు.” నవ్వుతూ కాగితం మీద రాసుకున్నాడు. “చెమ్మ సంగతిలో అయిదుకి రెండు.”

ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలకు మార్కులు వేసిన మనిషి, తన బడికి ఇంకొకరు మార్కులు వేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడాల్సొచ్చింది. పైకప్పుకు మూడు. కిటికీలకు మూడు. కరెంటు తీగలకు ఒకటి. ఒక్కోదాని పక్కన అదింకా ఎన్నేళ్ళు పనికొస్తుందో కూడా ఆయన రాస్తున్నాడు. కప్పు మీది తారు నాలుగేళ్ళు, కిటికీలు పదేళ్ళు, తీగలు మాత్రం ఈ ఏడే మార్చాలి.

“తీగలకు ఒక్క మార్కు కలపండి సార్.”

“మీరైతే కలుపుతారా?”

ఆవిడ కాసేపు ఆలోచించింది. “అర కలుపుతాను.”

“మార్చుకోగలిగిన వాటికి బెంగెందుకు మేడం? తారు మళ్ళీ పోయించుకోవచ్చు, తీగలు కొత్తవి లాగించుకోవచ్చు. అసలు పరీక్ష వెనక గదుల్లో ఉంది. పదండి.”

పెద్ద టీచరు ఆయన వెనకే నడిచింది.

బడి నడిపే సంఘం రాబోయే పదిహేనేళ్ళకు ప్రణాళిక వేస్తోంది. ఈ భవనం నిలబడుతుందని ఆర్కిటెక్టు రాస్తే మరమ్మతులు చేయిస్తారు. లేదంటే బడి మూసేసి, రెండు వందల మంది పిల్లల్నీ ఊరికి ఆ చివరనున్న పెద్ద బడిలో కలిపేస్తారు. అక్కడికి రెండు బస్సులు మారాలి. చిన్న తరగతుల వాళ్ళు సగం మంది చదువు మానేస్తారని ఆవిడకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆర్నెల్ల క్రితం ఆయన మొదటిసారి వచ్చినప్పుడు వెనక గదుల్లో మూడు పగుళ్ళు కనబడ్డాయి. సైన్సు గదిలో సూక్ష్మదర్శిని కింద పెట్టే పల్చటి గాజు పలకలు మూడు అడిగి తీసుకుని, ఒక్కో పగులుకు అడ్డంగా, రెండు వైపులా గోడకు అతుక్కునేలా అంటించాడు. వాటి మీద తేదీ వేశాడు.

“గోడ వెంట్రుకవాసి కదిలినా ఈ గాజు పుటుక్కుమంటుంది మేడం. ఆర్నెల్లు నిలిచిందంటే ఇది పాత పగులు, పూడ్చుకుంటే సరిపోతుంది. విరిగిందంటే మాత్రం, కింద పునాది కుంగుతున్నట్టే.”

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ ఆయమ్మను పిలిచింది. “ఇదిగో, ఈ మూడూ పగిలాయంటే మన బడి పోయినట్టే. పిల్లల బంతి తగలకూడదు, నీ చీపురూ తగలకూడదు. పూచీ నీదే!”

“కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటానమ్మా,” అంది ఆయమ్మ. ఆ రోజు నుంచి ఆ గోడల దగ్గరికి చీమ కూడా ఆవిణ్ణి అడిగే వెళ్ళాల్సొచ్చేది.

పెద్ద టీచరు తన వంతుగా రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుని, “ఆ మూడు పలకల్నీ కాపాడు స్వామీ,” అని వేడుకునేది. మధ్యలో ఒకనాడు ఆవిడకు అనుమానం కూడా వచ్చింది. గోడను నిలబెట్టమని కదా అడగాలి, గాజును కాపాడమంటున్నానేమిటి? ఆ స్వామి మాటను మాటగానే పట్టుకునేవాడైతేనో? మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది, మనసులో మాట తెలియనివాడు దేవుడెలా అవుతాడని.

వెనక గది గుమ్మంలో ఆయమ్మ మెత్తటి గుడ్డ భుజాన వేసుకుని ఎదురొచ్చింది.

“రండి ఇంజినీరు బాబూ.”

“ఇంజినీరుని కాను ఆయమ్మా, ఆర్కిటెక్టుని.”

“ఎవరైతేనేం బాబూ, గోడకేసి చూసి పెదవి విరిచేవాళ్ళేగా!”

ఆర్కిటెక్టు టార్చి వేశాడు. మొదటి పలక నిక్షేపంగా ఉంది. గోటితో తట్టి చూసి, పక్క గదిలోకి నడిచాడు. రెండోదీ అంతే. మూడోది మెట్ల కింద, పగులు అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట. పెద్ద టీచరు కళ్ళు గట్టిగా మూసుకుంది.

“కళ్ళు తెరవండి మేడం.”

“ముందు మీరు చెప్పండి.”

“తెరిస్తేనే చెబుతాను.”

తెరిచింది. పలక మీద గీత కూడా లేదు.

“నిజం చెప్పాలంటే దీని మీద నాకే ఆశ లేదు,” అన్నాడాయన వంగి చూస్తూ. “ఎలా మెరుస్తోందో చూడండి! నేను వేసిన తేదీ కూడా మాసిపోలేదు. నా రాత ఎప్పుడూ కోడి కెలికినట్టుంటుంది, ఆ రోజేమిటో ముత్యాల్లా రాశాను.”

“అయితే?”

“అయితే ఏముంది, గోడలు కదల్లేదు. అయిదుకి నాలుగున్నర. ఆ అర మీ లెక్క ప్రకారం కలిపింది. పదిహేనేళ్ళూ ఢోకా లేదని రాసేస్తున్నాను.”

పెద్ద టీచరు చేతులు జోడించి పైకి చూసింది. పైన ఉన్నది అయిదుకి మూడొచ్చిన కప్పే గానీ, ఆవిడ చూపు దాన్ని దాటి ఎటో వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ మళ్ళీ తుడుచుకుంది.

ఆర్కిటెక్టు సంతకం చేసి కలం జేబులో పెట్టుకున్నాడు.

“ఇందులో మీ ఆయమ్మ చలవ కూడా ఉంది మేడం. వేరే బళ్ళలో అయితే పలక పెట్టిన వారానికే ఎవడో ఒకడు బంతితో ముక్కలు చేస్తాడు. ఆర్నెల్లపాటు ఇంత భద్రంగా ఎలా ఉంచావు ఆయమ్మా?”

ఆయమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది.

“పగిలినప్పుడల్లా కొత్తది అతికించాను బాబూ!”