కుప్పం పోయిన ఈల

హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారా? మా మదనపల్లెలో ఇవాళ పొద్దున జరిగింది చెబుతా, వినండి.

టమోటా మండీ వరదరాజులు ఇంటి ముందు ఒక ఫారిన్ కారు ఉండేది. 1983 మోడలు, నలభై ఏళ్ల పాతది. కొనిపించింది బామ్మర్ది గిరీష్. సినిమా హాల్లో ఈలలేసి గెంటించుకోవడం తప్ప ఏ పనీ చేతకాని మొహం.

ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, పైగా టర్బో. పొగ తోపుకు చిన్న ఫ్యాను గిర్రున తిరిగి ఇంజనులోకి గాలి కొడుతుంది. బావ అంతకంటే ఘనుడు. హార్స్లీ హిల్స్ ఎక్కించి, దిగేటప్పుడు పెట్రోలు మిగుల్తుందని ఇంజను ఆపేసి న్యూట్రల్లో దొర్లించాడు. కాగిపోయిన టర్బోకు ఆయిలు అందక ఫ్యాను పట్టేసింది. ఆ తర్వాత ఆటోలు కూడా దాన్ని దాటిపోయేవి.

"పొద్దు గుంకేలోపల ఆ శవం వాకిట్లోంచి పోవాల. లేకుంటే నేనే పోతా, మా యమ్మింటికి," అంది భార్య ఆదిలక్ష్మి.

కారు బేరానికి కుప్పం నుంచి కృష్ణప్ప వచ్చాడు. గ్రానైటు వ్యాపారి. డబ్బు కంటే డంబం ఎక్కువ.

"తొక్కితే ఈల రావాల. రాకుంటే అది టర్బో గాదప్పా. మీకు కుళ్లిన టమోటా తెలుస్తాది, బండేం తెలుస్తాది?"

"నువ్వే తోలి సూడన్నా."

కొనిపించిన గిరీష్ మాత్రం వాకిట్లో కనిపించలేదు. సిగ్గు కాబోలు.

పుంగనూరు రోడ్డెక్కారు.

"తొక్కన్నా!" వరదరాజులు గట్టిగా అరిచాడు.

"యాల అరుస్తావు? నాకేమన్నా చెవుడా?"

కృష్ణప్ప తొక్కాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది ఈల, సన్నగా.

"లేటయిందే?"

"పాత టర్బోలు అంతేనన్నా. ఊపందుకోవాల."

గతుకులో ఈల తెగింది. మళ్లీ అందుకుంది. వెనకనుంచి ఆటో హారన్ కొట్టి దాటిపోయినా కృష్ణప్పకు పట్టలేదు. మీసం దువ్వుకున్నాడు.

పుంగనూరులో బేరం కుదిరింది.

"నువ్వీడ దిగప్పా. నేనిట్నే కుప్పం పోతా."

వరదరాజులు బస్సులో ఇల్లు చేరాడు. ఖాళీ వాకిలి చూసి ఆదిలక్ష్మి మురిసిపోయి పాయసం పెట్టింది.

"అది సరేగానీ, మా తమ్ముడు యాడ?"

వరదరాజులు నోట్లో పాయసం అట్నే ఉండిపోయింది.

కుప్పంలో మీకెవరైనా తెలిసుంటే, కృష్ణప్ప చెవిన పడకుండా ఈ కథ వెంటనే చేరవేసి, ఆ కారు డిక్కీ తెరిచి, తొక్కినప్పుడల్లా లోపల ఈల వేస్తున్న గిరీష్‌ని కాస్త దించమనండి.